ముదిగుబ్బ ఎండలో మూడు ప్రాసెసర్లు

రెండు వేసవుల కిందటి మాట. మే నెల. పొద్దున పదింటికే అనంతపురం పాతూరు సందుల్లో మనిషి కనిపించని రోజులు. ఆ పాతూరులోనే మా దుకాణం. ఒకప్పుడు మా నాయన అక్కడ రేడియోలు బాగుచేసేవాడు. ఆయన తర్వాత నేను కంప్యూటర్లు పెట్టుకున్నాను. అమ్ముతాను, బాగుచేస్తాను, పిలిస్తే పల్లెలకు వెళ్ళి అమర్చి వస్తాను. ఈ పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి. "నీకు బాగా గుర్తుండిపోయిన పని ఏది షంషాదూ?" అని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద ఆఫీసుల పేర్లు చెప్పను. ముదిగుబ్బకు అవతల ఓ పల్లెలో, పాత వేరుశనగ గోదాములో మూడు చిన్న ప్రాసెసర్లకు మేం పెట్టిన పరీక్ష గురించి చెబుతాను.

ఆ రోజు దుకాణం తెరిచిన కాసేపటికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దామె భుజం మీది గోనెసంచిని నా బల్ల మీద జాగ్రత్తగా దించి, అందులోంచి ఓ పాత డెస్క్‌టాప్ పెట్టెను బయటికి లాగింది. ఆమె పేరు ఈశ్వరమ్మ. గొర్రెలు పెంచే ఇల్లు. తమ పల్లెలో మహిళా సంఘానికి అధ్యక్షురాలు. వెంట వచ్చిన నాగవేణికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. సంఘం నడిపే కంప్యూటర్ గదిని చూసుకునేది ఆమే.

"ఇది కరెంటును కుడితినీళ్ళు తాగినట్ల తాగుతాండాదమ్మా," అంది ఈశ్వరమ్మ. "దీని ఆకలి తగ్గీ. తగ్గదంటే తక్కువ తాగేది ఇంకోటి చూపీ."

సంగతేమిటో నాగవేణి చెప్పింది. బెంగుళూరులో ఓ కంపెనీ రైతుల కోసం ఫోన్ యాప్ తయారు చేస్తోంది. వేరుశనగ ఆకును ఫోటో తీస్తే దానికి పట్టిన తెగులేదో ఆ యాప్ చెప్పాలి. అలా చెప్పడం దానికి నేర్పాలంటే ముందు వేలకొద్దీ ఆకుల ఫోటోల మీద మనుషులు కూర్చుని, మచ్చ ఎక్కడుందో మౌస్‌తో గీత గీసి చూపించాలి. ఆ పని ఈ పల్లెలో అయిదుగురు ఆడవాళ్ళు చేస్తున్నారు. గోదాము మిద్దె మీద సోలార్ పలకలున్నాయి, లోపల ఇన్వర్టరూ బ్యాటరీలూ ఉన్నాయి. కానీ ఓ కాలేజీవాళ్ళు ఇచ్చిన పాత డెస్క్‌టాప్‌లు వాటిని మధ్యాహ్నానికే పీల్చేస్తున్నాయి. వేసవి గాలులకు ఊరి కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. పని సగంలో ఆగిపోతోంది.

"వచ్చే నెల మొదటి సోమవారం కంపెనీవాళ్ళు పరీక్ష పెడతారంటక్కా," అంది నాగవేణి. "ఆ పొద్దు పంపిన ఫోటోలన్నీ పొద్దుమునిగే లోపల మేము గీసి పంపల్ల. ఆగిపోతే ఈ పని వేరే ఊరికి ఇచ్చేస్తారంట."

"ఇచ్చేస్తే?"

ఆ అయిదుగురిలో ముగ్గురు అంతకుముందు వలస వెళ్ళి వచ్చినవాళ్ళని తర్వాత తెలిసింది. నాగవేణి కూడా బెంగుళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు చేసింది. కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టి వెళ్ళింది. ఊళ్ళో ఈ పని దొరికాకే తిరిగి వచ్చి బిడ్డను దగ్గరికి తెచ్చుకుంది.

"మళ్ళా నేను పోతే అది నన్ను మరిచిపోతాదక్కా," అంది నాగవేణి, బల్ల మీది పెట్టెను చూస్తూ.

ఆ మాటతో ఆ పని నా సొంత పనైపోయింది.

కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్‌ను ప్రాసెసర్ అంటాం. దాని డబ్బా మీద టీడీపీ అని ఓ అంకె ఉంటుంది. ఆ చిప్ గట్టిగా పనిచేసేటప్పుడు పుట్టే వేడి ఎంతో, కాస్త అటూ ఇటుగా అది ఎంత కరెంటు లాగుతుందో, వాట్లలో చెప్పే అంకె అది. కొనడానికి వచ్చేవాళ్ళు దాన్నే చూసి "తక్కువ వాట్లు, తక్కువ ఖర్చు" అనుకుంటారు. నిజానికి అది సగం కథే. నెమ్మదిగా పనిచేసే చిప్ తక్కువ తాగుతూ గంట సేపు నడిస్తే, చురుకైన చిప్ ఎక్కువ తాగి పావుగంటలో పని ముగించి ఊరుకోవచ్చు. చివరికి ఎవరు ఎక్కువ తాగారో పని మొత్తం అయ్యాకే తెలుస్తుంది. పైగా చిప్ ఒక్కటే కరెంటు తాగదు. పని సాగినంతసేపూ మానిటర్ వెలుగుతూనే ఉండాలి.

బెంగుళూరు కంపెనీలో ఇలాంటి పల్లె గదుల బాగోగులు చూసే ఇంజినీరుకు ఫోన్ చేశాను. పేరు ప్రవీణ్. చిలమత్తూరు పిల్లవాడే, ఉద్యోగం కోసం అటు వెళ్ళాడు. మాట నెమ్మది.

"మేడమ్, మా ఆఫీసులో బెంచ్‌మార్కులు చేసినాము," అన్నాడు. బెంచ్‌మార్క్ అంటే వేరువేరు చిప్‌లకు ఒకే పని ఇచ్చి ఏది ఎంత వేగమో పోల్చే పరీక్ష. "ఫోన్లలో వాడే రకం చిప్ ఉండే బోర్డు కంప్యూటర్ అన్నిటికంటే తక్కువ తాగుతాది. దాన్నే తీసుకోమని చెప్పుదామనుకొన్నా."

"ఆ పరీక్ష ఎక్కడ చేశారు ప్రవీణ్?"

"ఆఫీసులోనే. ఏసీ రూములో."

"ముదిగుబ్బలో ఏసీ లేదుగా."

అతను నవ్వాడు. "అదీ నిజమే. అట్లయితే నేనే వస్తా మేడమ్. బోర్డు నేను తెస్తా. మీ దగ్గరుండేవి మీరు తీసుకురండి. ఇద్దరం ఆడనే చూద్దాం."

ఆ వారంలోనే వెళ్ళాం. మూడు యంత్రాలు పట్టుకెళ్ళాం. ఒకటి ప్రవీణ్ తెచ్చిన బోర్డు, అరచేతిలో పడుతుంది. రెండోది ఫ్యాన్ లేని చిన్న ఇనుప పెట్టె. తక్కువ కరెంటు కోసమే తయారు చేసిన ప్రాసెసర్ అందులో ఉంటుంది. మూడోది ఫ్యాన్ ఉన్న మినీ పీసీ. లాప్‌టాప్‌లో వాడే చిప్ ఉంటుంది, అంకెల్లో చూస్తే మూడింటిలోకీ ఎక్కువ తాగేది అదే. నా మనసంతా రెండోదాని మీద ఉంది. దుకాణంలో కూలర్ ముందు పెట్టి చూసినప్పుడు మిగతా రెండింటికంటే తక్కువ కరెంటుతో ఎక్కువ ఫోటోలు చేసింది అదే. ఫ్యాన్ లేదు కాబట్టి దుమ్ము బాధ లేదు, చప్పుడూ లేదు.

ప్రతి యంత్రానికీ వాట్‌మీటర్ తగిలించాను. ప్లగ్గుకూ గోడకూ మధ్య పెడితే లోపలికి వెళ్ళే కరెంటునంతా లెక్కేసే పరికరం అది. మానిటర్‌కు వెళ్ళే కరెంటు కూడా అందులోనే లెక్కకు వచ్చేలా తగిలించాను. ఒకే ఫోటోల కట్టను మూడింటిలోకీ ఎక్కించాం. మనిషి మారితే చేతివేగం మారుతుంది కాబట్టి ముగ్గురు ఆడవాళ్ళను మూడు యంత్రాల మీదా వంతులవారీగా కూర్చోబెట్టాం.

పొద్దున పూట అంతా నేను అనుకున్నట్టే జరిగింది. బోర్డు చాలా తక్కువ తాగింది. కానీ ఆ ఫోటోలు పెద్దవి. ఒక్కోటి తెరుచుకునేలోపు నాగవేణి చేయి మౌస్ మీద ఊరికే కూర్చునేది. ఆ ఖాళీ సమయంలోనూ మానిటర్ వెలుగుతూనే ఉంది. దాని వాటా కలిపేసరికి బోర్డు మిగిల్చిందంతా కరిగిపోయింది. ప్రవీణ్ మీటర్ వైపు కాసేపు చూసి, "స్క్రీను సంగతి మేము లెక్కలోకే తీసుకోలేదు మేడమ్. ఆఫీసులో చిప్ వరకే కొలుస్తాము," అన్నాడు. ఫ్యాన్ లేని పెట్టె ముందుంది. నాకు లోపల హుషారుగా ఉంది. భోజనం వేళకే తేలిపోతుందనుకున్నాను.

మధ్యాహ్నమైంది. ఆ గోదాముకు పైన బండలు, చుట్టూ రాతిగోడలు. ఎండను పొద్దుటినుంచీ తాగిన బండలు రెండు గంటల తర్వాత దాన్ని లోపలికి వదలడం మొదలుపెట్టాయి. కుర్చీ వీపు కాలుతోంది. అప్పుడు ఫ్యాన్ లేని పెట్టె ముందు కూర్చున్నామె, "అక్కా, ఇది నిద్రపోతాండాది," అంది.

వెళ్ళి చూశాను. ఫోటో తెరుచుకోవడం నెమ్మదించింది. పెట్టె మీద చేయి పెట్టి వెంటనే తీసేశాను. లోపలి చిప్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. దీన్ని థ్రాట్లింగ్ అంటాం. ఫ్యాన్ లేని పెట్టె తన వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇవ్వాలి. ఆ గాలే సెగలా ఉంటే ఇంకెక్కడికి ఇస్తుంది? గంట తిరిగేసరికి పొద్దున చేసిన పనిలో సగం కూడా చేయలేకపోయింది. వేగం తగ్గిన కొద్దీ మానిటర్ ఖర్చు పెరిగింది.

పరీక్ష రోజుకు ఇంకా రెండు వారాలే ఉన్నాయి. ఇక మిగిలింది మూడోది. దాని ఫ్యాన్ హోరుమంటోంది కానీ వేగం తగ్గలేదు. ఫోటో ఇట్టే తెరుచుకుంటోంది. అయితే తెరిచిన ప్రతిసారీ మీటర్ అంకె పైకి లేస్తోంది. అలాంటివి అయిదు పెడితే బ్యాటరీలు సాయంత్రం దాకా నిలవవు.

ఈశ్వరమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఏమమ్మా, మూడూ ఓడిపోయినట్లేనా?" అని అడిగింది.

"ఇంకా లేదక్కా," అన్నాను. "ఈ మూడోదానికి పగ్గం వేసి చూస్తాను."

దాని సంగతి ఇది. బండిని నూరు మీద తోలితే తాగే పెట్రోలుకూ ఎనభై మీద తోలితే తాగేదానికీ చాలా తేడా ఉంటుంది. ఊరు చేరే సమయంలో మాత్రం అంత తేడా ఉండదు. ఇలాంటి ప్రాసెసర్లూ అంతే. చివరి కొసరు వేగం కోసమే విపరీతంగా తాగుతాయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ అనే సెట్టింగుల్లో "ఇంతకు మించి లాగొద్దు" అని హద్దు పెట్టవచ్చు. దీన్ని పవర్ లిమిట్ అంటాం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ హద్దు పైనే ఉంటుంది. కొన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళరు.

నేనూ ప్రవీణూ కూర్చుని హద్దును కొంచెం కొంచెంగా కిందికి దించుతూ పోయాం. దించిన ప్రతిసారీ అదే ఫోటోల కట్ట, అదే మీటర్. మొదట దించినప్పుడు వేగం తగ్గినట్టే తెలియలేదు, కరెంటు మాత్రం బాగా తగ్గింది. ఇంకా దించాం. ఫ్యాన్ హోరు తగ్గి, దగ్గరికి వెళ్తే తప్ప వినపడనంత అయింది. మరీ దించినప్పుడు ఫోటోలు తడబడ్డాయి. ఒక మెట్టు పైకి వచ్చి ఆగాం. అది మండుటెండ వేళ. ఆ హద్దు దగ్గర, మానిటర్ కలుపుకుని, ఒక్కో ఫోటోకు అయిన కరెంటు మిగతా రెండింటి కంటే తక్కువ.

ప్రవీణ్ మళ్ళీ చేయమన్నాడు. చేశాం. మర్నాడు మధ్యాహ్నం కూడా చేశాం. అంకె మారలేదు.

"కాగితం మీద దీన్నే మొదట కొట్టేసినా మేడమ్," అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకో సందేహం తీశాడు. "ఫ్యాన్ ఉండాదంటే దుమ్ము లాగుతాది. ఇది శనక్కాయల గోదాము. ఆర్నెల్లకు మూసుకుపోతాది."

నేను జవాబు చెప్పేలోపే ఈశ్వరమ్మ అందుకుంది. "దుమ్ము దులిపేది మాకు చేతగాదనుకొంటివా నాయనా? గొర్రెలకు ఉన్ని కత్తిరించే చేతులివి."

నాగవేణి పలచటి నూలుగుడ్డను కొలిచి కత్తిరించి, గాలి పీల్చే చోట అతికేలా కుట్టింది. ఫ్యాక్టరీలో నేర్చిన కుట్టు, చక్కగా కూర్చుంది. వారానికోసారి ఉతికి మార్చాలని అనుకున్నాం. గుడ్డ పెట్టాక వేడి పెరుగుతుందేమోనని మళ్ళీ కొలిచాను. పెరగలేదు. మానిటర్ల వెలుగు కూడా కళ్ళకు హాయిగా ఉండేంత వరకు తగ్గించాం. అలాంటివి అయిదు తెప్పించి, అన్నింటికీ అదే హద్దు పెట్టి అమర్చి వచ్చాను.

పరీక్ష సోమవారం రానే వచ్చింది. ముందు రోజు సాయంత్రం పెద్దగాలి, నాలుగు చినుకులు. ఎక్కడో స్తంభాలు కూలాయి. నేను పొద్దున పల్లె చేరేటప్పటికి ఊళ్ళో కరెంటు లేదు. అంతవరకు అనుకున్నదే. అనుకోనిది ఆకాశం. ఆ వేసవిలో పగటిపూట ఒక్కరోజూ కనపడని మబ్బు సరిగ్గా ఆ రోజు కమ్ముకుని కూర్చుంది. ఎప్పుడూ వాన కోసం మొహం ఎత్తి చూసే ఊరు ఆ రోజు ఎండ కోసం చూసింది.

"ఎన్నాళ్ళకో మబ్బొచ్చింది. పొమ్మని ఎట్ల అనేది?" అంది ఈశ్వరమ్మ.

పని మొదలుపెట్టారు. మౌస్‌లు టిక్కుటిక్కుమంటున్నాయి. సోలార్ నుంచి వచ్చేది రోజూ వచ్చేదాంట్లో పిసరంత. బ్యాటరీ గేజీ దిగుతోంది. నేను ఇన్వర్టర్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. చేయడానికి నాకేమీ లేదు, చూడటం తప్ప. ఇన్నేళ్ళలో ఎన్నో యంత్రాలు అమర్చాను కానీ, అమర్చినదాని ముందు అంత భయంతో కూర్చున్నది అదొక్కసారే.

మధ్యాహ్నానికి సగం ఫోటోలు దాటాయి. గేజీ సగానికి పైనే ఉంది. నాగవేణి భోజనానికి లేవలేదు. తల్లి పంపిన ముద్దను ఈశ్వరమ్మే తెచ్చి పక్కన పెట్టింది.

"తినే, అవి యాడికీ పోవు."

"రెండు నిమిషాలత్తా. ఈ ఆకు అయిపోతాది."

తినేటప్పుడు మానిటర్ ఆర్పేసి తినమని చెప్పాను. ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకుని ఆర్పారు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ ప్రాసెసర్లు దాదాపు ఏమీ తాగవు. దీన్ని ఐడిల్ అంటాం. గేజీ అక్కడే నిలబడటం చూసేసరికి నాకు ధైర్యం వచ్చింది.

సాయంత్రం నాలుగు దాటాక మబ్బు విడిచింది. కొంచెం ఎండ వచ్చింది. అప్పటికి నిజానికి దాని అవసరం అంతగా లేదు. పడమటి గుట్టల మీద ఇంకా వెలుతురు ఉండగానే నాగవేణి చివరి ఫోటో మీద గీత పూర్తి చేసి, పంపే బొత్తాం నొక్కింది. నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ లేవలేదు.

ఫోన్ మోగింది. ప్రవీణ్. నాగవేణి స్పీకర్ ఆన్ చేసింది.

"అన్నీ వచ్చినాయి," అన్నాడు. "మా మేనేజరు పక్కనే ఉండాడు. పొద్దుటినుంచీ ఒక్కసారి కూడా ఆగలేదే, కరెంటు ఉండిందా అని అడుగుతాండాడు."

"ల్యాదన్నా," అంది నాగవేణి. "ఇప్పటికీ ల్యాదు."

అటువైపు ఎవరో నవ్వడం వినపడింది. పని ఈ ఊరికే ఖాయమని, ఇంకో అయిదు కుర్చీలకు సరిపడా పని పంపుతామని అక్కడే చెప్పారు. నాగవేణి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కామె ఆమె భుజం మీద తల ఆనించింది. ఈశ్వరమ్మ మాత్రం లేచి నా దగ్గరికి వచ్చి, వంగి బ్యాటరీ గేజీ చూసింది.

"ఇంకా ఉండాదే దీంట్లో."

"ఉందక్కా. మూడో వంతు పైనే ఉంది."

ఆమె ఫోన్ దగ్గరికి వెళ్ళింది. "నాయనా ప్రవీణూ, రేపటివి ఉంటే ఇప్పుడే పంపు. మా పిల్లోళ్ళు ఊరికే కూర్చోనుండారు."

ఆ గదిలో ఆ రోజు మొదటిసారి అందరూ గట్టిగా నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

ఇప్పుడు ఆ గోదాములో పదిమంది పనిచేస్తున్నారు. బెంగుళూరు నుంచి ఇంకో రెండు కుటుంబాలు వెనక్కి వచ్చాయి. ప్రవీణ్ తన కంపెనీ బెంచ్‌మార్కులో మానిటర్నూ మధ్యాహ్నపు వేడినీ చేర్చాడు. వాళ్ళ మిగతా పల్లె గదులన్నింటికీ అదే పద్ధతి.

నాకు ఆ పని నేర్పింది ఒక్కటే. రెండు ప్రాసెసర్లను పోల్చడమంటే రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం కాదు. అవి ఏ గదిలో ఉంటాయో, ఏ పని చేస్తాయో, ఆ పని పూర్తయ్యేదాకా ఇంకేమేమి వెలుగుతూ ఉండాలో, అన్నీ కలిపి తూచాలి. అలా తూచినప్పుడు ఎక్కువ తాగుతుందని పేరుపడ్డదే అందరికంటే పొదుపుగా తేలవచ్చు. మొన్న వజ్రకరూరు నుంచి ఓ హైస్కూల్ హెడ్మాస్టరు ఫోన్ చేసి, సోలార్ మీద నడవడానికి ఏ ప్రాసెసర్ మంచిదో చెప్పమన్నారు. "ఇప్పుడే చెప్పలేను సార్," అన్నాను. "మీ గదిలో ఎండ ఎప్పుడు ఎక్కువగా ఉంటుందో చెప్పండి, ఆ వేళకు వస్తాను."